కాలి ధమనుల వ్యాధిలో రోగ నిరోధక వ్యవస్థ పాత్ర

మా చిన్ననాట కడప రైల్వే స్టేషను వద్ద జట్కా తోలే సాహెబు ఒకరు ఉండేవారు. పిల్లలమందరం ఆయనను చాచా అని పిలిచేవాళ్ళం. గుర్రం ముసలిదై చనిపోయిన పిమ్మట ఆయన బండి అమ్మివేసి, ఏడురోడ్ల దగ్గర ఒక దుకాణంలో పనికి కుదిరారు. ప్రతి ఉదయం స్టేషను వైపునుండి నడచి వచ్చేవారు. ఆ దారిలో మూడుచోట్ల ఆగేవారు. రోజూ అవే మూడుచోట్లు. చెట్టుకు ఒరిగి నిలబడి, పిక్క పిసుక్కుంటూ, ఒక బీడీ ముట్టించి, అది అయిపోగానే మళ్ళీ మామూలుగా నడచిపోయేవారు. అడిగితే, "వాతం బేటా, పిక్కలు పట్టేస్తున్నాయి" అనేవారు. అప్పటికి ఆయన వయస్సు నలభైయైదు కూడా దాటలేదు. రెండేండ్లు తిరగకముందే కాలి బొటనవ్రేలు నల్లబడింది. ఆ తరువాత మోకాలి క్రింది భాగమంతా తీసివేయవలసి వచ్చింది.

అది వాతం కాదని, ఆ మూడుచోట్లే ఆ వ్యాధికి ఆనవాళ్ళని, శరీరధర్మ శాస్త్రం చదువుకున్న తరువాతగాని నాకు తెలియలేదు. విచిత్రమేమంటే ఈ లక్షణాన్ని వైద్యశాస్త్రంలో మొట్టమొదట నమోదు చేసినది మనిషి విషయంలో కాదు, గుర్రం విషయంలో. 1831లో ఫ్రాన్సు దేశంలో బూలే అనే పశువైద్యుడు ఒక గుర్రాన్ని పరీక్షించాడు. అది కొంతదూరం పరుగెత్తగానే కుంటేది, నిలిపితే కొద్దిసేపటికి సర్దుకొనేది. చనిపోయిన తరువాత కోసి చూడగా తొడలోని పెద్ద ధమనులు మూసుకొని ఉన్నవి. 1858లో షార్కో అనే సుప్రసిద్ధ ఫ్రెంచి వైద్యుడు అదే లక్షణాన్ని మనిషిలో గుర్తించాడు. విశ్రాంతిగా ఉన్న కండరానికి కొద్దిపాటి రక్తం చాలును. నడిచే కండరానికి దానికి ఎన్నోరెట్లు కావాలి. ధమని సన్నబడితే ఆ అదనపు రక్తం అందదు. ప్రాణవాయువు చాలక కండరం నొప్పితో మొరపెడుతుంది. ఆగితే అవసరం తగ్గి నొప్పి పోతుంది. కనుకనే నొప్పి వచ్చే దూరం రోజూ దాదాపు ఒకటే. కీళ్ళవాతానికి ఇంత ఖచ్చితమైన కొలత ఉండదు.

ఇక ధమని ఎందుకు సన్నబడుతున్నది? ఈ ప్రశ్నకు చాలాకాలం చెప్పిన సమాధానం మన ప్రాంతంవారికి సులభంగా బోధపడేదే. సుంకేసుల వద్ద తుంగభద్ర నుండి బయలుదేరి కడప దాకా వచ్చే కె. సి. కాలువను చూచినవారికి పూడిక అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఒండ్రు చేరినకొద్దీ కాలువలో నీరు తగ్గును. అట్లే రక్తంలోని కొలెస్టరాలు అనే క్రొవ్వు ధమనిలో పేరుకొని దారిని మూసివేస్తున్నదని భావించారు. ఈ పోలిక తప్పు కాదు, కాని సగమే. కాలువ గట్టు మన్నే, ధమని గోడ ప్రాణమున్నది. పూడిక చేరేది గోడమీద కాదు, గోడ లోపల. దానిని అక్కడికి చేర్చి పెంచి పోషించేవారిలో ముఖ్యులు ఎవరనగా, మన శరీరాన్ని కాపాడవలసిన రక్షక కణాలే. ఇది నేటి విజ్ఞానశాస్త్రం చెప్పే మాట. ఈ వ్యాసానికి విషయం కూడా ఇదే.

ఆ రక్షక కణాలను గుర్తించిన కథ ఒక ముల్లుతో మొదలవుతుంది. తుమ్మముళ్ళ నేలమీద నడిచేవాళ్ళం గనుక మనకు ఈ కథ మరింత దగ్గరగా తోస్తుంది. 1882లో ఇటలీలోని మెస్సీనా పట్టణంలో ఇల్యా మెచ్నికాఫ్ అనే రష్యను శాస్త్రజ్ఞుడు సముద్రపు నక్షత్రచేప పిల్లను సూక్ష్మదర్శినిలో చూస్తున్నాడు. అది గాజువలె పారదర్శకమైన జీవి. ఆ రోజు ఇంట్లోవారందరూ సర్కసుకు వెళ్ళారు. ఒంటరిగా ఉన్న ఆయనకు ఒక ఆలోచన తట్టింది. తోటలోని గులాబీ ముళ్ళను తెచ్చి ఆ పిల్ల శరీరంలో గ్రుచ్చాడు. తెల్లవారి చూడగా, సంచరించే కణాలు నలుదిక్కులనుండి వచ్చి ముల్లును చుట్టుముట్టి ఉన్నవి. పరాయి పదార్థాన్ని మ్రింగివేసే ఈ కణాలనే భక్షక కణాలు అంటున్నాము. ఈ కృషికి ఆయనకు 1908లో పాల్ ఎర్లిక్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది.

మన కాలిలో ముల్లు దిగినప్పుడు జరిగేదీ అదే. ఆ చోటు ఎర్రబడుతుంది, వాస్తుంది, వేడెక్కుతుంది, సలుపుతుంది. దీనినే శోథం అంటారు. ముల్లు తీసివేస్తే, లేక చీముతోపాటు అదే బయటికి వస్తే, నాలుగు రోజులలో శోథం చల్లారి చర్మం మామూలవుతుంది. శోథం అనేది శత్రువు కాదు, రక్షణయే. అయితే ముల్లు తీయకపోతే? లేదా ఒక ముల్లు తీయగానే రోజుకు ఇరవైసార్లు మరొక ముల్లు గ్రుచ్చుతూపోతే? ధమని గోడలో జరుగుతున్నది ఇటువంటిదే.

ధమని లోపలివైపున ఒకే ఒక కణం మందం గల ఎండోథీలియం అనే నున్నని పొర ఉన్నది. ఆరోగ్యంగా ఉన్నంతవరకు రక్తంలోని కణాలేవీ దానిని అంటుకోవు. పొగాకు పొగ, మధుమేహంలోని అధిక చక్కెర, అధిక రక్తపోటు, అధిక కొలెస్టరాలు ఈ పొరను నిత్యం గాయపరుస్తాయి. గాయపడిన పొర తనపై కొన్ని జిగురు అణువులను మొలిపించుకుంటుంది. దారిన పోతున్న మోనోసైట్లు అనే తెల్లకణాలు వాటికి పట్టుబడి, కణాల మధ్య సందులలోనుండి గోడలోనికి దూరుతాయి. అక్కడ అవి పెరిగి మాక్రోఫేజులుగా, అనగా పెద్ద భక్షక కణాలుగా మారుతాయి. ఆసరికే గోడలో చొరబడి, ప్రాణవాయువు సోకి చెడిపోయిన కొలెస్టరాలు వాటికి పరాయి పదార్థంగా కనిపిస్తుంది. కనుక మ్రింగుతాయి. మ్రింగినకొద్దీ ఇంకా మ్రింగుతాయి. చివరకు ఒళ్ళంతా క్రొవ్వుబొట్లతో నిండి, సూక్ష్మదర్శినిలో నురుగువలె కనిపిస్తాయి. అందుచేతనే వాటికి నురుగు కణాలని పేరు.

ఈ కణాలు ఊరకుండవు. ఇంటర్‌ల్యూకిన్లు మొదలైన రసాయన సందేశాలను వెలువరించి మరికొందరిని పిలుస్తాయి. లింఫోసైట్లు వచ్చి చేరుతాయి. వీటిలో ఒక తెగ శోథాన్ని రగుల్కొల్పును, మరొక తెగ చల్లార్చును. వ్యాధిగ్రస్తమైన గోడలో సాధారణంగా రెండవ తెగవారి బలం చాలదు. మామూలుగా శరీరంలో ఒక కణం చనిపోతే ప్రక్కనున్న భక్షక కణం దానిని నిశ్శబ్దంగా తొలగిస్తుంది. ఇక్కడ తొలగించవలసినవారే క్రొవ్వుతో బరువెక్కి చనిపోతున్నారు. శవాలు పేరుకొని గోడ నడుమ ఒక మెత్తని కుళ్ళుముద్ద ఏర్పడుతుంది. దానిని కప్పిపెట్టడానికి ధమని కండరకణాలు నారపొరను అల్లుతాయి. ఆ కప్పు గట్టిగా ఉన్నన్నాళ్ళు రోగికి నడకలో నొప్పి మాత్రమే. భక్షక కణాలు విడుదల చేసే ఎంజైములు ఆ కప్పును కొరికి పలుచన చేసి, అది చిట్లినట్లయితే రక్తం అక్కడే గడ్డకట్టి దారి పూర్తిగా మూసుకొనవచ్చును. అప్పుడు పాదం చల్లబడి, వ్రేళ్ళు నల్లబడే ప్రమాదం గంటలలోనే ముంచుకొస్తుంది.

జర్మను వైద్యుడు విర్కో 19వ శతాబ్దంలోనే ధమని గోడలో శోథమున్నదని వాదించాడు. ఆయన మాటకంటె పూడిక సిద్ధాంతమే ఎక్కువకాలం చెలామణి అయినది. రసెల్ రాస్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు 1970 దశకంలో ధమని గాయమే దీనికి మూలమని ప్రతిపాదించి, 1999లో ఈ వ్యాధి శోథవ్యాధియే అని నిర్ద్వంద్వంగా వ్రాశాడు. అంతకు ముందటి సంవత్సరం, 1998లో, అమెరికాలో వైద్యులపైననే జరిగిన ఒక దీర్ఘకాల పరిశీలన ఫలితం వెలువడింది. శోథమున్నప్పుడు కాలేయం తయారుచేసే సి-రియాక్టివ్ ప్రోటీను అనే పదార్థం, ఆరోగ్యంగా ఉన్నప్పుడే ఎవరి రక్తంలో ఎక్కువగా ఉన్నదో, వారిలోనే తరువాత కాలి ధమనుల వ్యాధి అధికంగా కనిపించినది. అనగా కాలు నొప్పి పుట్టడానికి సంవత్సరాల ముందే శరీరంలో నిప్పు రాజుకొని ఉన్నదన్నమాట.

ప్రపంచంలో ఇరువది కోట్లకు పైగా ప్రజలకు ఈ వ్యాధి ఉన్నదని అంచనా. మన పొరుగున చెన్నపట్టణంలో జరిపి 2000 సంవత్సరంలో ప్రకటించిన సర్వేలో, పరీక్షించినవారిలో నూటికి 3.2 మందికి, మధుమేహమున్నవారిలో నూటికి 6.3 మందికి కనిపించింది. మధుమేహంలో మరొక చిక్కు కలదు. నరాలు మొద్దుబారి నొప్పి తెలియదు. కనుక జట్కా సాహెబుకు దొరికిన ఆ మూడుచోట్ల హెచ్చరిక కూడా వీరికి దొరకదు. పైగా వీరి పుండ్లలోని భక్షక కణాలు పోరాడే దశనుండి మరమ్మతు దశకు మారలేక ఆగిపోతాయి. చెప్పు కరచిన చిన్న పుండు నెలల తరబడి మానకపోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

ఇంతవరకు చెప్పినది సాధారణంగా నడివయస్సు దాటినవారి వ్యాధి. మా చాచాకు వచ్చినది బహుశః అది కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. నలభైయైదు లోపు వయస్సు, ఎడతెగని బీడీలు, మొదట వ్రేళ్ళకు తగలడం, ఇవన్నీ బర్జర్ వ్యాధిని సూచిస్తున్నవి. 1879లో వాన్ వినివార్టర్ దీనిని వర్ణించాడు. 1908లో న్యూయార్కులో లియో బర్జర్ తీసివేసిన కాళ్ళను శ్రద్ధగా పరీక్షించి వివరించడంతో ఆయన పేరే నిలిచినది. ఇందులో క్రొవ్వు పాత్ర అతిస్వల్పం. చిన్న, మధ్యతరహా ధమనులలోను సిరలలోను తెల్లకణాలతో క్రిక్కిరిసిన రక్తపు గడ్డ ఏర్పడి దారిని మూసివేస్తుంది. గోడ నిర్మాణం మాత్రం చాలవరకు చెక్కుచెదరదు. పూడిక లేకుండానే కాలువ మూసుకుపోయినదన్నమాట. రోగ నిరోధక వ్యవస్థ పాత్రకు ఇంతకంటె స్పష్టమైన తార్కాణం ఏమి కావాలి? తునికాకులో చుట్టిన బీడీ విస్తారంగా వాడే మనదేశంలో ఈ వ్యాధి పాశ్చాత్య దేశాలకంటె ఎక్కువగా కనిపిస్తుంది. బీడీ చిన్నది కనుక హాని చిన్నదని మనవారిలో ఒక అపోహ ఉన్నది. నిజానికి అది ఆరిపోకుండా ఉండాలంటే సిగరెట్టుకంటె ఎక్కువసార్లు, గట్టిగా పీల్చవలసి వస్తుంది. బర్జర్ వ్యాధికి నేటికీ రుజువైన ప్రధాన చికిత్స పొగాకును పూర్తిగా విడిచిపెట్టడమే. తగ్గించడం కాదు, విడిచిపెట్టడం. నమలే పొగాకు కూడా పనికిరాదు. విడిచినవారిలో అత్యధికుల కాళ్ళు నిలుస్తాయి. విడువనివారికి ఒక వ్రేలి తరువాత మరొక వ్రేలు పోతుంది. నొప్పి తీర్చుకోవడానికి ఆగిన ప్రతిచోటా చాచా ఒక బీడీ ముట్టించేవారన్న సంగతి తలచుకుంటే నాకు ఈనాటికీ మనస్సు కలుక్కుమంటుంది.

ఇక విద్యార్థులు తప్పక ప్రశ్నించవలసిన ప్రశ్న ఒకటున్నది. రక్షక కణాలే ఇంత హాని చేస్తుంటే వాటిని అణచివేయరాదా? ఇక్కడనే విషయం చిక్కుబడుతుంది. పెద్ద కాలువకు గండిపడితే రైతులు ప్రక్కనుండి పిల్లకాలువ త్రవ్వుకున్నట్లు, ప్రధాన ధమని మూసుకున్నప్పుడు శరీరం ప్రక్కనున్న సన్నని ధమనులను వెడల్పు చేసి రక్తాన్ని మళ్ళిస్తుంది. ఈ పిల్లకాలువలు త్రవ్వే కూలీలు ఎవరనుకున్నారు? ఆ మోనోసైట్లు, ఆ లింఫోసైట్లే! 2003లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, ఒకరకం లింఫోసైట్లు లేని ఎలుకల కాలి ధమనిని ముడివేయగా వాటిలో ప్రక్కదారులు సరిగా ఏర్పడలేదు. ఆ కణాలనే తిరిగి ఎక్కించగా పరిస్థితి మెరుగుపడినది. కాబట్టి ఒకే సైన్యం గోడలో విధ్వంసకారి, కండరంలో నిర్మాత. దానిని పూర్తిగా నిరాయుధం చేయడం వివేకం కాదు.

అయినను మచ్చిక చేసే ప్రయత్నాలు జరిగినవి. గుండె ధమనుల రోగులపై జరిగినవైనా మన విషయానికి పనికివచ్చును. 2017లో వెలువడిన కాంటోస్ అనే పరిశోధనలో, ఒకసారి గుండెపోటు వచ్చిన 10,061 మందిలో కొందరికి ఇంటర్‌ల్యూకిన్-1 బీటాను అడ్డగించే ఇంజెక్షను ఇచ్చారు. మధ్యరకం మోతాదులో గుండెపోటు, పక్షవాతం మొదలైనవి నూటికి 15 వంతులు తగ్గినవి. కొలెస్టరాలు మారలేదు, శోథం మాత్రమే తగ్గినది. కనుక సిద్ధాంతం నిజమని తేలింది. కాని ప్రాణాంతకమైన అంటురోగాలు కొద్దిగా పెరిగినవి. కాపలాదారుని నిద్రపుచ్చితే దొంగ రాకుండునా?

రెండవ ప్రయత్నంతో మన తెలుగువారికి సంబంధమున్నది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయంలో సాగించిన ఫోలిక్ ఆమ్ల పరిశోధనల ఫలితంగా, ఆ ఆమ్లాన్ని ప్రతిఘటించే మందులు వెలువడినవి. వాటితో 1947-48లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తపు క్యాన్సరును కొంతకాలమైనా వెనుకకు నెట్టగలిగాడు. సుబ్బారావు 1948లోనే మరణించారు. ఆ కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేటు కొద్ది మోతాదులో కీళ్ళవాపు వ్యాధికి ప్రపంచమంతటా వాడుకలోనికి వచ్చినది. అదే మోతాదు ధమనుల శోథాన్ని కూడా తగ్గించునేమోనని 4,786 మందిపై పరీక్షించగా, 2019లో వెలువడిన ఫలితం నిరాశ కలిగించింది. గుండెపోట్లు తగ్గలేదు, రక్తంలో శోథసూచకాలు కూడా తగ్గలేదు. దీనిని వైఫల్యమని నేను అనను. శోథాలన్నీ ఒకటి కావనియు, ఏ తీగను మీటితే ఏ స్వరం పలుకునో తెలిసి మీటవలెననియు ఇందువలన తెలిసినది.

మూడవది మన హకీములు ఎరిగిన మందు. యునానీ వైద్యంలో నిఖ్రిస్, అనగా బొటనవ్రేలి కీలువాపుకు వాడే సురంజాన్ దుంపలోని సారమే కొల్చిసిన్. 1820లో ఫ్రాన్సులో దానిని వేరుచేశారు. 2019, 2020 సంవత్సరాలలో వెలువడిన రెండు పెద్ద పరీక్షలలో రోజుకు అరమిల్లీగ్రాము కొల్చిసిన్ గుండె రోగులకు మేలు చేసినది. 2024లో వెలువడిన మరొక పెద్ద పరీక్షలో మేలు కనిపించలేదు. వివాదం ఇంకా తేలలేదు. మన అడవులలో పూసే అగ్నిశిఖ దుంపలో కూడా ఇదే పదార్థమున్నది గనుక ఒక మాట చెప్పకతప్పదు. అది ప్రాణాంతకమైన విషం. దుంప తెచ్చుకొని నూరుకొనే ప్రయత్నం ఎవరూ చేయరాదు.

ప్రస్తుతం రోగికి అందుబాటులో ఉన్నవి పాత మార్గాలే: పొగాకు మానడం, చక్కెరను రక్తపోటును అదుపులో ఉంచడం, కొలెస్టరాలును తగ్గించే స్టాటిను మాత్ర, రక్తం గడ్డకట్టకుండా చూచే మందు, అవసరమైనచోట శస్త్రచికిత్స. వీటిలో స్టాటిను కొలెస్టరాలుతోపాటు శోథాన్ని కూడా కొంత చల్లారుస్తుంది. నడక కూడా చికిత్సయే. నొప్పి వచ్చేవరకు నడచి, ఆగి, తగ్గగానే మళ్ళీ నడవడం, వారానికి మూడుసార్లు, ముప్పావుగంట చొప్పున, వైద్యుని సలహాపై కనీసం మూడు నెలలు చేస్తే చాలామందికి నొప్పిలేని దూరం పెరుగుతుంది. పుండుగాని, విశ్రాంతిలో కూడా నొప్పిగాని ఉన్నవారు మాత్రం నడకకు పూనుకొనక వెంటనే ఆసుపత్రికి వెళ్ళవలెను.

వ్యాధిని కనుగొనడానికి పెద్ద యంత్రం అక్కరలేదు. చీలమండ వద్ద రక్తపోటును చేతి రక్తపోటుతో భాగించగా 0.90 లేదా అంతకు తక్కువ వస్తే కాలి ధమని సన్నబడినదని అర్థం. మధుమేహరోగులలో ధమనులు గట్టిపడి ఈ సంఖ్య 1.40కి మించి తప్పుదారి పట్టించవచ్చును. అప్పుడు వేరే పరీక్షలు కావాలి. అంతకంటె ముందు చేయదగినది నాడి చూడడం. బూ అలీ సీనా తన వైద్యగ్రంథంలో నబ్జ్‌కు ప్రత్యేక స్థానమిచ్చాడు. మన ఆయుర్వేదంలోను నాడీపరీక్షకు గౌరవమున్నది. అయితే ఎవరి దృష్టి అయినా చేతి మణికట్టు మీదనే గాని పాదం మీద పడడం అరుదు. ఇంట్లో మధుమేహమున్నవారో, బీడీ త్రాగేవారో ఉన్నట్లయితే ఈ సాయంత్రం వారి పాదం మీద రెండు వ్రేళ్ళు ఆనించి చూడండి. బొటనవ్రేలిని పైకెత్తే నరం వెంబడి, పాదం పైభాగాన మధ్యలో, ఆ నరానికి కొంచెం వెలుపలగా ఒక నాడి తగులుతుంది. చీలమండ లోపలి ఎముక వెనుక రెండవది ఉంటుంది. ఆరోగ్యవంతులలోనే కొందరికి మొదటిది పుట్టుకతో అందదు గనుక రెండవదానిని కూడా చూడనిదే తొందరపడి భయపడరాదు. రెండూ అందకపోతే, లేదా ఒక పాదం మరొకదానికంటె చల్లగా తోస్తే, వైద్యునికి చూపించండి.